మౌనస్వామికి వానకోటు

కుట్టుమిషన్ గది,
మధ్యాహ్నం

మరదలు పిల్లకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి సాగలేదు. ఇక్కడ మేం తింటున్నాం, పడుకుంటున్నాం, అంతవరకు క్షేమమే అనుకో. నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా "ఊఁ" అంటావు, ఆ తర్వాత ఇద్దరం ఏడుస్తాం, మధ్యలో మీ అన్నయ్య వచ్చి ఫోను లాక్కుని తనూ ఏడుస్తాడు. అందుకని కాగితం పట్టుకున్నాను. దీని మీద ఎంత ఏడ్చినా నీకు వినపడదు కదా.

పిట్ట పోయి ఏడాది దాటింది. నువ్వు మా గడప తొక్కి కూడా అంతే అయింది. తప్పు పట్టడం లేదే. సెలవులకని నువ్వు నా ఇంటికి పంపిన నీ పిల్ల, నా ఇంటి ముందు వీధిలోనే బండి కింద పడి పోయింది. నీ స్థానంలో నేనుంటే ఈ వీధి ఉన్న దిక్కుకి తల పెట్టి కూడా పడుకునేదాన్ని కాదు. అయినా ఆ వీధి కబురే రాస్తున్నాను, నీకు తెలియాలి కాబట్టి.

పెద్దరోడ్డు మీద సిగ్నల్ తప్పించుకోవడానికి ప్రతివాడూ ఇంకా మన వీధిలోకే దూరుతున్నాడు. అవతలి చివర బడి ఉందన్న ధ్యాసే లేదు. లెక్కల మాస్టారు (ఎదురింటాయన, పిట్టకి ఎక్కాలు నేర్పబోయి ఓడిపోయినాయన) మమ్మల్నందరినీ వెంటేసుకుని ఇంజనీరు ఆఫీసుకి తీసుకెళ్ళారు. "స్పీడ్ బ్రేకర్ అంటే అడగ్గానే వేసేది కాదండీ, ముందు సర్వే జరగాలి," అన్నాడు ఇంజనీరు. "ఎప్పుడు జరుగుతుంది?" అంటే, "చేసేవాళ్ళుంటే జరుగుతుంది," అన్నాడు. మీ అన్నయ్య తాపీమేస్త్రి రక్తం ఉడికిపోయింది. "నాలుగు గంపల సిమెంటు చాలు, నేనే పోస్తా," అని ఎగిరాడు. "దాని మీద ఎవడైనా పడి పోతే నిన్ను లోపలేస్తారు మేస్త్రీ," అన్నాడు ఇంజనీరు. దాంతో మనవాడు కూర్చున్నాడు.

ఇక మాస్టారే ఉపాయం చెప్పారు. బడి తెరిచే వేళా వదిలే వేళా ఇంటికొకరు వంతుల వారీగా మలుపు దగ్గర ఎర్రజెండాతో నిలబడాలి. జాకెట్ల లైనింగు గుడ్డ మిగిలి ఉంటే జెండాలు నేనే కుట్టాను. మొదటిరోజు మాస్టారు నిలబడ్డారు. జెండా అడ్డం పెడితే ఎవడో మహానుభావుడు దాని పక్కనుంచి రయ్యిమని దూసుకుపోయాడట. తీరా చూస్తే మన ఇంటి బండే, నడిపింది మీ అన్నయ్యే! అదే మనిషి రాత్రి అన్నం ముందు కూర్చుని, ఈ కాలం వాళ్ళ స్పీడు గురించి నాకు ఉపన్యాసం ఇచ్చాడు. మాస్టారొచ్చి సంగతి చెప్పాక మొహం వేలాడేశాడు. తర్వాత గుమ్మంలో చాలాసేపు కూర్చుని, "నేనూ రోజూ అలాగే పోయేవాణ్ణి కదే," అన్నాడు. ఆ రాత్రి భోంచెయ్యలేదు.

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. చదివితే చాలు.

మీ వదిన

~

రెయిన్‌కోట్ల షెడ్డు,
టీ వేళ

వదినా,

ఇక రాయొద్దని చెప్పడానికే పెన్ను తీశాను. ముందు ఇంకోసారి చదువుదామని చదివాను. అన్నయ్య పట్టుబడిన చోట నవ్వొచ్చింది. నవ్వానని తెలిసి వెంటనే భయమేసింది. మా ఆయన చూశాడు. వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో నిలబడిపోయాడు.

రాయి. కానీ ఒక్క షరతు. వీధి గురించి రాయి, జెండాల గురించి రాయి. ఆ బండి నడిపినవాడి గురించి మాత్రం ఒక్క అక్షరం రాయకు. నేను కోర్టుకి రాలేదు, పేపరు చూడలేదు. వాడి పేరుగానీ మొహంగానీ ఇల్లుగానీ నా తలలోకి రాకూడదు. ఒక్కసారి వచ్చిందంటే పిట్ట మొహాన్ని పక్కకి నెట్టి అదే కూర్చుంటుంది. మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. నువ్వూ వెయ్యి.

నా పని నీకు తెలిసిందే. కోటు ముక్కల అంచులు కలిపి వేడి మిషన్ కింద అతికిస్తాను. ఒక్క సూదిమొన అంత సందున్నా నీళ్ళు లోపలికొస్తాయని మా సూపర్వైజరు రోజూ పాడుతుంది. ఆ మాట నాకు బాగుంటుంది. సందు లేకుండా అతికించుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది.

వంతులు సరిగ్గా నడుస్తున్నాయా? ఎవరు నిలబడుతున్నారు?

నీ మరదలు

~

కుట్టుమిషన్ గది,
వాన పడుతోంది

మరదలా,

ఒట్టు వేశాను. సరేనా?

వంతుల సంగతి అడిగావు. మూణ్ణాళ్ళ ముచ్చట అంటే ఏమిటో చూడాలంటే మన వీధికి రావాలి. మొదట్లో జెండా నాకంటే నాకని పోటీ పడ్డారు. తర్వాత ఒకరికి నడుంనొప్పి, ఒకరికి చుట్టాలు. ఇంకొకావిడ ఎండ పడదని చెప్పి, సాయంత్రం అదే ఎండలో బజారుకి వెళ్ళింది. మందుల షాపాయన వంతు వస్తే షాపు షట్టరు వెనక దాక్కున్నాడట.

వదలకుండా నిలబడేది ఒక్కడే. మేం మౌనస్వామి అంటాం. వీధి చివరింట్లో ఉంటాడు, ఆయనా భార్యా ఇద్దరే. ఎవరి వంతు తప్పినా ఆయన వచ్చి నిలబడతాడు. ఎవరూ పిలవక్కర్లేదు. మొన్న కారులో ఎవడో అద్దం దించి నోటికొచ్చినట్టు తిట్టి, జెండా లాగి బురదలో పడేశాడు. ఆయన వంగి తీసుకుని, దులుపుకుని మళ్ళీ నిలబడ్డాడు. పిల్లల్ని రోడ్డు దాటిస్తాడు కానీ చెయ్యి మాత్రం పట్టుకోడు. రెండు చేతులూ చాపి వాళ్ళకి ముందు నడుస్తాడు.

ఈ వానలో కూడా నిలబడే ఉన్నాడు. గొడుగు పంపితే, "గొడుగు పడితే జెండా ఎత్తలేనమ్మా," అన్నాడు. ఆయన నోట ఇంత పొడుగు మాట వినడం అదే మొదలు. తడిసి ముద్దయి ఇంటికెళతాడు, మళ్ళీ సాయంత్రం బడి వదిలే వేళకి వస్తాడు.

ఇంకేం రాయాలో తోచడం లేదు. ఒంట్లో ఎలా ఉంది? తింటున్నావా?

వదిన

~

రెయిన్‌కోట్ల షెడ్డు

వదినా,

నీ మౌనస్వామిని మొన్నటినుంచీ మర్చిపోలేకుండా ఉన్నాను. మిషన్ ముందు కూర్చున్నా ఆయనే, బస్సులో వస్తున్నా ఆయనే. ఎవరి పిల్లలో ఏమో! వాళ్ళ కోసం ఒక మనిషి వానలో అలా నిలబడతాడా? ఈ ఏడాదిలో మనుషుల మీద నాకు అసహ్యం తప్ప ఇంకోటి కలగలేదు. బయటికి చెప్పలేదు కానీ నీ మీద కూడా. నువ్వు ఏం చేశావని? ఏమీ లేదు. అయినా కలిగింది. ఇప్పుడది కొంచెం సడలింది.

ఆయనకి నేను వానకోటు చేస్తాను. మామూలుది కాదు. ఛాతీకీ వీపుకీ రెండు మోచేతులకీ మెరిసే పట్టీ వేస్తాను. లైటు పడితే ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. చేతులు పైకెత్తినా బిగియకుండా చంక దగ్గర వదులు పెడతాను. కొలతలు పంపు. నీ అంత బాగా కొలిచేవాళ్ళు ఎవరున్నారు?

నిన్న మా ఆయనతో కలిసి భోంచేశాను. రాయాలనిపించి రాశాను.

నీ మరదలు

~

కుట్టుమిషన్ గది

మరదలా,

కొలతలు వేరే చీటీలో పెట్టాను. నువ్వు శ్రమపడక్కర్లేదు, బజార్లో కూడా కోట్లు దొరుకుతాయి. పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

వదిన

~

రెయిన్‌కోట్ల షెడ్డు,
పార్శిల్‌తో పాటు

వదినమ్మా,

ఏమిటంత పొడిగా రాశావు? ఉప్పూ కారం లేని ఉత్తరం నీ చేతి నుంచి రావడం ఇదే మొదలు. అన్నయ్యతో గొడవా? మళ్ళీ పట్టుబడ్డాడా?

కోటు పంపుతున్నాను. పని అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఉండి చేశాను. మనిషి భుజాలు సన్నం, చేతులు పొడుగు కదా. కొలతలు చూస్తుంటే ఎదురుగా నిలబడ్డట్టే అనిపించింది. అంచులు రెండుసార్లు అతికించాను. లోపలికి చుక్క నీరు పోదు, పోతే నా మిషన్ విరగ్గొట్టేస్తాను. ఎవరికని సూపర్వైజరు అడిగితే మా ఇంటి మనిషికి అన్నాను. తప్పా?

ఎవరు చేశారని అడిగితే, ఆ మలుపులో బిడ్డని పోగొట్టుకున్న తల్లి చేసిందని చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు వదినా. పిట్ట వీధిలోకి పరిగెత్తిన రోజు ఆయన అక్కడ ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పు.

వచ్చే నెల రావాలనుకుంటున్నాను. వస్తే ముందు ఆయన్నే చూస్తాను.

మీ మరదలు

~

కుట్టుమిషన్ గది,
తలుపు వేసుకుని

అమ్మడూ,

నీకు వేసిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. కూర్చుని చదువు. మీ ఆయన్ని పక్కన ఉండమను.

ఆయన ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఆ బండి నడిపింది ఆయనే.

మందుల వాను నడిపేవాడు. సిగ్నల్ తప్పించుకుందామని మన వీధిలోకి తిప్పాడు. కోర్టులో వాదించుకోలేదు, తప్పు నాదేనన్నాడు. దాంతో కేసు తొందరగా తేలింది, కొన్ని నెలల శిక్ష అయ్యాక తన ఇంటికే తిరిగొచ్చాడు. వీధిలో ఎవరూ మాట్లాడలేదు, ఆయనా ఎవరినీ పలకరించలేదు. మాస్టారు వంతులు రాస్తుంటే వచ్చి, దూరంగా నిలబడి, "నాకూ ఒక వంతు ఇస్తారా?" అని అడిగాడు. మీ అన్నయ్య చేతిలో తాపీ అలాగే పట్టుకుని మీదికి వెళ్ళాడు. మాస్టారు అడ్డుపడకపోతే ఏమయ్యేదో. ఇప్పటికీ మీ అన్నయ్య ఆ మలుపు దాటేటప్పుడు తల దించుకునే వెళతాడు.

నువ్వు ఎవరు నిలబడుతున్నారని అడిగినప్పుడే ఏదో ఒకటి కల్పించి రాయాల్సింది. చేతకాలేదు, ఉన్నది రాశాను, సగమే రాశాను. నువ్వేమో కోటు చేస్తానన్నావు, మీ ఆయనతో కలిసి భోంచేశానన్నావు. చెబితే ఆ ముద్ద నీ నోటి దగ్గర ఆగిపోతుంది. చెప్పకపోతే నిన్ను మోసం చేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వీధి తరఫున కోటు ఇస్తున్నామని అబద్ధం చెప్పి కొలతలు తీసుకున్నాను. టేపు వేస్తుంటే ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

నీ ఉత్తరం చదివాక ఇక దాచలేకపోయాను. కోటు ఆయన చేతికిచ్చి, ఎవరు చేశారో చెప్పాను. మడత కూడా విప్పలేదు. "ఇది నేను తొడుక్కోకూడదమ్మా," అన్నాడు. మిషన్ మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడది నా గదిలో కొక్కేనికి వేలాడుతోంది.

నువ్వు ఏమన్నా పడతాను. అనకుండా మాత్రం ఉండకు.

వదిన

~

(చిరునామా లేదు)

అన్నీ చదివాను.

వాడి భుజాల మీద టేపు వేశావు. పిట్టకి గౌను కొలిచింది ఆ టేపుతోనే కదా?

ఇంటి మనిషికని చెప్పాను నేను. పదిమందిలో చెప్పాను.

ఇక రాయకు.

~

కుట్టుమిషన్ గది

మరదలా,

రాయకన్నావు. ఈ మధ్య నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది మాత్రం పోస్టు చేస్తున్నాను. చదవకుండా పారేసినా నీ చెయ్యి తగులుతుంది.

టేపు మార్చాను. పాతది దాచాను, పారెయ్యలేకపోయాను. దాని మీద పిట్ట పెన్నుతో పువ్వు గీసింది. ఎన్ని కొలతలు తీసినా అది చెరగలేదు.

సర్వేవాళ్ళు వచ్చారు. తర్వాత స్పీడ్ బ్రేకర్లు కూడా వేశారు, మలుపుకి అటొకటి, ఇటొకటి. మీ అన్నయ్య పక్కనే నిలబడి వాళ్ళ పని చూసి, వాలు సరిగ్గా రాలేదని, పూత పలచనని సణిగాడు. రంగు వేశాక ఒక కారు వచ్చింది. దాని ముందు నెమ్మదించి, ఒళ్ళు దగ్గరపెట్టుకుని, మెల్లగా ఎక్కి దిగింది. మేమంతా నోరు తెరుచుకుని చూశాం. ఇంతే కదా! మోకాలి ఎత్తు కూడా లేదు. కూర్చునే పీటంత గుట్ట. అది ఉండాల్సిన రోజున లేదు. మీ అన్నయ్య దాని మీద కూర్చుని, నడివీధిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనక బండ్లు ఆగిపోయాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు.

ఇక జెండా అక్కర్లేదని మాస్టారు చెప్పారు. ఆ మనిషి మాత్రం ఇంకా వచ్చి నిలబడుతున్నాడు.

నిన్ను రమ్మనను. క్షమించమని కూడా అడగను. పిట్ట పోయింది, నువ్వూ పోతే నాకు పుట్టింటి వైపూ లేరు, మెట్టినింటి వైపూ లేరు. బతికున్నానని ఒక్క ముక్క రాయి.

వదిన

~

మా ఇల్లు,
పొద్దున్నే

వదినా,

బతికున్నాను.

ఒకటి అడగాలి. ఆ రోజు పిట్టని ఆస్పత్రికి వాడే తన వానులో తీసుకెళ్ళాడని మా ఆయన మొన్న చెప్పాడు. నేను చెప్పనివ్వలేదు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదట. నువ్వు బయటికి వచ్చేసరికే వాను కదిలిపోయిందనీ, అన్నయ్య బండి మీద వెనకాలే వెళ్ళాడనీ చెప్పాడు. అంటే దారి పొడుగునా పిట్ట పక్కన ఉన్నది వాడొక్కడే.

వాడి మొహం రాకూడదని తలుపులన్నీ మూసుకున్నాను. నా బిడ్డ ఆఖరి మాటలు కూడా బయటే ఉండిపోయాయని తట్టలేదు. ఇప్పుడు అది తప్ప ఇంకోటి తట్టడం లేదు.

వెళ్ళి అడుగు. మెలకువతో ఉందా? ఏమైనా అందా? నన్ను పిలిచిందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు బాగుంటుందని ఒక మాట కలపకు, నాకు కష్టమని ఒక మాట తీయకు. సైజు సర్దినట్టు సర్దావంటే నాకు తెలిసిపోతుంది.

మరదలు

~

కుట్టుమిషన్ గది

అమ్మడూ,

వెళ్ళాను. ఆయన భార్య స్టూలు వేసి లోపలికి వెళ్ళిపోయింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఎవరైనా అడుగుతారేమోనని ఎదురు చూశానమ్మా. అడక్కూడదని కూడా కోరుకున్నాను," అన్నాడు.

పిట్ట మెలకువతోనే ఉందట. పక్క సీట్లో పడుకోబెట్టి ఒక చేత్తో పట్టుకున్నాడట. ఏడవలేదట. "అంకుల్, చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి వచ్చానని మా అమ్మకి చెప్పకండి, తిడుతుంది," అందట. "చెప్పనమ్మా," అన్నాడట. "ఒట్టా?" అందట. ఒట్టు అన్నాడట. తర్వాత నిద్రొస్తోందని అంది. అంతే.

నొప్పి అందా అని నేనే అడిగాను. లేదన్నాడు. ఆ ఒక్కటీ నిజమో, మన కోసం అన్నాడో నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి ఇదీ రాస్తున్నాను.

కోర్టులో కూడా ఈ మాట చెప్పలేదట. "పిల్లకి ఇచ్చిన మాట. అదొక్కటైనా నిలబెట్టుకుందామనుకున్నాను. ఇప్పుడు అదీ పోయింది," అని మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. నేను ఓదార్చలేదు. లేచి రాలేకపోయాను కూడా. అలాగే కూర్చున్నాను.

ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తీయలేదు.

వదిన

~

మా ఇల్లు

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మా ఆయనకి చదివి వినిపించాను. ఈసారి ఆయన పంపు దగ్గరికి వెళ్ళలేదు, నా పక్కనే కూర్చుని ఏడ్చాడు.

ఆ కోటు అతనికి ఇచ్చెయ్యి. తొడుక్కోనంటే నేను తొడుక్కోమన్నానని చెప్పు. క్షమించానని మాత్రం పొరపాటున కూడా అనకు. క్షమించలేదు, క్షమిస్తానో లేదో తెలియదు. వానలో నిలబడిన మనిషి బండ్లవాళ్ళకి కనపడాలి, అందుకే.

వచ్చే వారం వస్తున్నాను. అన్నయ్యని స్టేషన్‌కి రమ్మను, మెల్లగా నడపమను. మలుపు దగ్గర ఒక పూట నాకు వంతు వెయ్యమని మాస్టారికి చెప్పు. స్పీడ్ బ్రేకర్లు ఉంటే ఉండనీ. ఆ పూట అతన్ని ఇంట్లో ఉండమను. మొహం చూసే ధైర్యం నాకింకా రాలేదు.

అందరూ నాతో ఏమంటున్నారో తెలుసా? అయ్యో, నువ్వు తిట్టేదానివా ఏమిటి, పసిదానికి అలా అనిపించింది అంతే అంటున్నారు. అబద్ధం వదినా. తిట్టేదాన్నే. చెప్పుల్లేకుండా కనపడితే వీధి వీధంతా వినపడేలా తిట్టేదాన్ని. నా పిల్లకి నా సంగతి బాగా తెలుసు. ఆ కాస్త దూరంలో దానికి ఉన్న భయం బండి గురించి కాదు, రక్తం గురించి కాదు, నా నోటి గురించి. నేను ఇంకా అక్కడే ఉన్నాను వదినా, అక్కణ్ణించి కదల్లేకపోతున్నాను.

నా వంతు పూట ఏ పిల్లైనా చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి వస్తే ఊరుకోను. గట్టిగా తిడతాను. తిట్టి, ఎత్తుకుని దాటిస్తాను.

నీ మరదలు